మూడు కాలవల మోహనం

“…మీరు జారిపోయి నన్నంటారేంటండీ? నా కాయితంలో ఏముందో అదే మీటాను నేను.”

“మీటావు తల్లీ, కాదన్నదెవరు? అంత ఇదిగా మీటితే పక్కనున్నవాడు ఏమైపోతాడో కూడా చూసుకోవాలి గదా.”

“పక్కనున్నవాళ్లు వాళ్ల కాయితం చూసుకోవాలి.”

కాఫీ గ్లాసులతో వంటింటి గుమ్మం దాకా వచ్చిన బాలశౌరి అక్కడే ఆగాడు. ముందుగదిలో రామతులసి వీణ ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. బసవయ్య వేణువుని కండువాతో తుడుస్తున్నాడు, తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు. తప్పెవరిదో తేల్చమని ఇద్దరూ ఒక్కసారే బాలశౌరి వైపు తిరిగారు. అతను గ్లాసులు చాప పక్కన దించి, తప్పు ఇద్దరిదీ అన్నాడు. దాంతో వాళ్లిద్దరికీ రాజీ కుదిరింది. ఇద్దరూ కలిసి అతని మీద అలిగారు.

ఆ వేసవి పొడుగునా గుణదలలోని ఆ అద్దె ఇంట్లో ఇదే తంతు. బాలశౌరి రాసిన సంగీతానికి పేరు ‘మూడు కాలవలు’. వీణ, వేణువు, వయొలిన్ కోసం రాసింది. పాట కాదు, అందులో మాటల్లేవు. మృదంగం లేదు. మోహనరాగంలో ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఆనకట్ట దగ్గర ఒక్క నీరుగా బయల్దేరి బెజవాడ ఊళ్లోనే ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవగా విడిపోయే కృష్ణనీళ్లలాగా, మూడు వాయిద్యాలూ ఒక్కచోట మొదలై, కొంతదూరం కలిసి నడిచి, తర్వాత ఎవరి దారిన వాళ్లు పోవాలి. ఒకరు పైకెక్కుతుంటే ఒకరు దిగుతుండాలి, ఇంకొకరు ఒకే స్వరం మీద కదలకుండా నిలబడాలి. ముగ్గురూ మూడు స్వరాలు పలుకుతున్నా వినేవాడికి అదంతా ఒక్క సంగీతంగానే వినపడాలి.

చిక్కు అక్కడే వచ్చింది. మన సంగీతం నేర్చుకున్నవాడికి పక్కవాడు పలికిన స్వరం తనదానితో కలవకపోతే ముందు తన మీదే అనుమానం పుడుతుంది. పక్కవాద్యం వాయించేవాడికి మొదటిరోజు నుంచీ గురువు చెప్పేది, పాడేవాళ్ల వెంట వెళ్లమనే. వాళ్లు ఎక్కితే ఎక్కాలి, దిగితే దిగాలి, తడబడితే ఆ తడబాటు ఎవరికీ తెలియకుండా కప్పాలి. చెవీ వేళ్లూ ఆ పనికి అలవాటు పడిపోయాక, ఎవరి దారిన వాళ్లు పొండి అంటే అంత తేలిగ్గా పోవు. మూడో భాగంలో తాళం పదకొండో చుట్టు, అంటే పదకొండో ఆవర్తం దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైతే ఒక్క చూరు కిందికి చేరిన మనుషుల్లాగా ముగ్గురూ వచ్చి ఒకే స్వరం మీద నిలబడేవారు. ఆ తర్వాత ఎవరు ముందు జారారన్న తగువు.

బసవయ్యది లారీ ఆఫీసులో పార్సిళ్ల దగ్గర పని. నలభై దాటినవాడు, నలుగురు పిల్లల తండ్రి. రామతులసి కంకిపాడు దగ్గర రైతుల పిల్ల. హాస్టల్లో ఉంటూ సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. రిక్షాలో వీణని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని గుణదల వచ్చేది. ఈ ఇద్దరూ తనకోసం ఆదివారాలు వదులుకుంటున్నారని బాలశౌరికి తెలుసు. అందుకని కాఫీ తనే పెట్టేవాడు, మాట తనే పడేవాడు. కాని లోపల్లోపల మాత్రం, వీళ్లు తనలాగా చిన్నప్పుడే ఆ పద్ధతి నేర్చుకునుంటే ఈ బాధ ఉండేది కాదు గదా అనుకునేవాడు.

అతను నేర్చుకున్నది మైలవరం అవతల ఒక పల్లెలో. తండ్రి శౌరయ్య అక్కడి కతోలిక గుడికి ఉపదేశి. వారం పొడుగునా పిల్లలకి జపాలు నేర్పేవాడు, ఫాదర్‌గారు రాని ఆదివారాల్లో తనే ప్రార్థన నడిపేవాడు. అప్పటి ఫాదర్‌గారు ఇటలీ మనిషి. ఆయన గుర్రబ్బండిలో హార్మోనియం, చంకలో వయొలిన్ పెట్టె వేసుకుని పల్లెలు తిరిగేవాడు. ఉపదేశిగారి అబ్బాయికి చెవి ఉందని కనిపెట్టి, తొమ్మిదో ఏట వయొలిన్ పట్టించాడు. అయిదు గీతల మీద నల్లచుక్కలు పెట్టి సంగీతం రాయడం నేర్పాడు. పండగ పూజలకి లాటిన్ పాటలు నాలుగు గొంతుకలతో పాడించేవాడు. పొలం పనులకి పోయే ఆడా మగా, అర్థం తెలియని మాటల్ని నాలుగు దారుల్లో పాడుతుంటే, ఆ రేకుల గుడిలో గాలి చిక్కబడినట్టుండేది బాలశౌరికి.

ఇరవయ్యో ఏట అతనికి బెజవాడలో ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్ ఉద్యోగం వచ్చింది. ఇంజనీర్లు గీసిన కాలవల నక్షాల మీద మైనపు గుడ్డ పరిచి, నల్లసిరాతో గీతకి గీత తేడా రాకుండా ఎత్తిరాయడం ఆ పని. వేసవిలో కాలవలు కట్టేసి మరమ్మతులు చేసే రోజుల్లో తల ఎత్తడానికి తీరిక ఉండదు. సాయంత్రాలూ ఆదివారాలూ గుడిలో వయొలిన్ వాయించేవాడు. అరవై అయిదో సంవత్సరం ప్రాంతంలో పూజలు తెలుగులోకి మారాయి. అందరికీ మాటలు అర్థమయ్యాయి, అందరూ గొంతెత్తి పాడసాగారు. అది మంచిదేనని అతనూ అనుకున్నాడు. కాని అందరూ ఒక్క దారిలోనే పాడుతున్నారు. నాలుగు గొంతుకల పుస్తకాలు బీరువాలోకి వెళ్లిపోయాయి. ఆ చిక్కబడిన గాలి మళ్లీ ఎక్కడా తగల్లేదు. నాలుగేళ్లు చూసి, ముప్పై నాలుగో ఏట, సంగీత కళాశాల సాయంత్రపు తరగతుల్లో చేరాడు. పక్కన కూచున్న పిల్లలు మొదటిరోజు అతన్ని మేష్టారనుకుని లేచి నిలబడ్డారు.

అక్కడ మోహనం నేర్చుకుంటున్న రోజుల్లోనే ఈ రాగాన్ని మూడు దార్లలో పంపితే ఎలా ఉంటుందన్న ఊహ తగులుకుంది. రాయడానికి రెండేళ్లు పట్టింది. సరిగమలు మామూలుగా ఒక్క వరసలో రాస్తారు. అతను మూడు వరసలు ఒకదాని కింద ఒకటి వేసి, ఆవర్తం గీతల్ని పైనుంచి కిందికి స్కేలు పెట్టి దించాడు. ఏ క్షణాన ఎవరు ఎక్కడున్నారో ఒక్క చూపులో కనపడాలి మరి. ట్రేసింగు గుడ్డ కొనుక్కొచ్చి దాని మీద ఎత్తిరాసి, కాలవ నక్షాలకి తీసినట్టే బ్లూ ప్రింట్లు తీయించాడు. ముదురు నీలం కాయితం, దాని మీద తెల్లటి సరిగమలు. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి, కాస్త మబ్బు పడితే కనపడేవి కావు. బసవయ్య మొదటిసారి ఆ కాయితం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “ఇందులో షట్టర్లెక్కడండీ శౌరిగారూ?” అన్నాడు.

ఇదంతా దేనికంటే, ఆగస్టు మొదటి ఆదివారం కోసం.

భవానీపురంలో సుబ్బరత్నంగారని ఒకావిడ ఉండేవారు. కళాశాలలో వయొలిన్ నేర్పి రిటైరయ్యారు. ప్రతినెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆవిడ మేడమీద హాల్లో పదీ పదిహేనుమంది చేరేవాళ్లు. ఎవరైనా విద్యార్థి సొంతంగా ఏదైనా కడితే అక్కడ వినిపించొచ్చు. అందుకు ఆవిడ పెట్టిన షరతులు రెండు. కట్టినవాడు ముందు నోరు విప్పకూడదు. అందరూ చెప్పడం అయ్యేదాకా తర్వాతా విప్పకూడదు. ఇక వినేవాళ్లు, బాగుందో లేదో చెప్పే ముందు, తమకేం వినపడిందో చెప్పాలి. బాగుందనడం తేలికంటారు ఆవిడ, విన్నది చెప్పడమే కష్టమట.

డిసెంబరులో ఊళ్లో ఒక సభవాళ్లు జరిపే సంగీతోత్సవాల్లో విద్యార్థుల సొంత రచనకి అరగంట ఇస్తారు. ఎవరిది పంపాలో తేల్చేది సుబ్బరత్నంగారే. పేరు ఆగస్టు నెలాఖరుకి వెళ్లిపోవాలి. ఏదీ నచ్చకపోతే ఆ ఏడాది ఎవరినీ పంపరు. ఆవిడ అలా రెండేళ్లు ఖాళీగా వదిలేశారు కూడా. బాలశౌరికి ఇది ఆఖరి సంవత్సరం. వచ్చే ఏడు అతను విద్యార్థి కాదు. ఈసారి దాటితే ‘మూడు కాలవలు’ వినేవాళ్లెవరూ ఉండరు.

అతనికన్నా ఎక్కువగా అతని భార్య తెరేసమ్మ ఆ డిసెంబరు కోసం చూస్తోంది. ఆవిడ మిషను స్కూల్లో కుట్టు టీచరు. పెళ్లయిన పదిహేనేళ్లలో మొగుడి వయొలిన్ వారం వారం విన్నదే గాని, నలుగురిలో వాయిస్తుండగా చూసి ఎరగదు. గుడిలో పాటల బృందం వెనక ఉంటుంది, ఆడవాళ్లు ముందు చాపల మీద ఉంటారు. పూజ మధ్యలో తల వెనక్కి తిప్పడం బాగుండదు. ఆవిడ అప్పుడే మైలవరంలో మామగారికి, ఏలూరులో చెల్లెలు శౌరమ్మకి ఉత్తరాలు రాసేసింది. ఇంకా ఏమీ తేలలేదని అతనంటే, తేలాక రాస్తే వాళ్లకి సెలవలు దొరకొద్దా అంది.

ఆ ఆదివారం ఆవిడ కూడా భవానీపురం వచ్చింది. బసవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వేణువు శ్రుతి మార్చడానికి లేదు కాబట్టి వీణా వయొలినూ దానికే సర్దుకున్నాయి. సుబ్బరత్నంగారు తనకిచ్చిన బ్లూ ప్రింటుని రెండో ఏడు విద్యార్థి వెంకటకృష్ణారావు చేతికిచ్చి, వేలుపెట్టి చదువుతూ వినమన్నారు. ఈ కుర్రాడు గవర్నరుపేటలో బ్యాంకు గుమాస్తా. వయొలిన్ తప్పుల్లేకుండా వాయిస్తాడు, రాసింది రాసినట్టే వాయిస్తాడు. చేతిలో టైపు మిషనుందని వెనక అందరూ నవ్వుకుంటారు. అది అతనికీ తెలుసు.

వాయించారు. మొదటి భాగం బాగానే నడిచింది. రెండో భాగం చివర బసవయ్య ఊపిరి చాలక ఒక స్వరం మింగాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మూడో భాగం వచ్చింది. వీణ తారస్థాయి నుంచి మెల్లిగా, నిదానంగా మెట్టు మెట్టుగా దిగాలి. వేణువు పంచమం మీద నిలబడాలి. వయొలిన్ కింద గాంధారం నుంచి బయల్దేరి పైకెక్కాలి. పదకొండో ఆవర్తంలో మళ్లీ అదే జరిగింది. పన్నెండు దాటేసరికి ముగ్గురూ ఒకే దారిలో ఉన్నారు. వినేవాళ్లలో కొందరు అక్కడ హాయిగా తలలాడించారు కూడా. బాలశౌరి కళ్లు మూసుకుని చివరిదాకా లాక్కొచ్చాడు.

అందరూ ఒక్కొక్కరే చెప్పారు. ఒకావిడ తనకి పొద్దున్నే వేరేవేరే ఇళ్లల్లోంచి వినపడే చప్పుళ్లు గుర్తొచ్చాయంది. ఒకాయన రాగం చెడలేదని, అందుకు సంతోషమని అన్నాడు. రామకోటేశ్వరరావుగారని మృదంగం నేర్పే పెద్దాయన గోడకి ఆనుకుని కూచుని ఉన్నాడు. తన వంతు వచ్చేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు.

“నాకు వినపడింది చెప్పమన్నారు గనక చెబుతున్నానమ్మా. మూడు సైకిళ్లు మూడు సందుల్లోంచి వచ్చాయి. సెంటర్లో పోలీసు లేడు. గుద్దుకోలేదు, అది వాళ్ల అదృష్టం. ఆ పోలీసునే మేం మృదంగం అంటాం.”

అందరూ నవ్వారు. నోరు విప్పకూడదు గనక బాలశౌరి కూడా నవ్వాడు. తెరేసమ్మ నవ్వలేదు.

సుబ్బరత్నంగారు వెంకటకృష్ణారావుని అడిగారు. అతను లేచి నిలబడి, కాయితం మీద వేలు తియ్యకుండానే చెప్పాడు.

“మూడో భాగం పదకొండో ఆవర్తం దాకా ముగ్గురూ కాయితం మీదే ఉన్నారండి. పదకొండులో తాళం నాలుగో అక్షరం దగ్గర వయొలిన్ పక్కకి వెళ్లిందండి. తర్వాత వేణువు. వీణ ఆఖర్న.”

“ముందు వెళ్లింది వయొలినా?”

“అవునండి.”

రామతులసి బసవయ్య వైపు, బసవయ్య రామతులసి వైపు చూసి చూపు తిప్పుకున్నారు. కుర్రాడు పొరబడ్డాడనే అనుకున్నాడు బాలశౌరి. నాలుగు గొంతుకల మధ్య పెరిగినవాడు తను. తను జారడమేమిటి?

సుబ్బరత్నంగారు వాదనలోకి పోలేదు. మూడో భాగం మొదటినుంచీ మళ్లీ వాయించమన్నారు, వీణా వేణువూ మాత్రమే. బాలశౌరిని మాత్రం వయొలినూ కమానూ పక్కన పెట్టి, వచ్చి జనంలో కూచోమన్నారు.

అతను వచ్చి తలుపు పక్కన కూచున్నాడు. వాళ్లిద్దరూ మొదలుపెట్టారు. పదో ఆవర్తం అయింది, పదకొండు వచ్చింది. వీణ దిగుతోంది. వేణువు పంచమం మీద స్తంభంలా నిలబడి ఉంది. పన్నెండు, పదమూడు. ఎవరూ ఎవరివైపూ జారలేదు. పదహారో ఆవర్తం చివర వీణ కింది పంచమానికి చేరి ఆగినప్పుడు, పైనా కిందా ఒకే స్వరం మధ్యలో ఖాళీ వదిలి మోగింది. తను వాయించాల్సిన దారి ఆ ఖాళీలో ఉంది. అది ఎవరూ వాయించకుండానే అతనికి వినపడింది. మైలవరం అవతలి ఆ రేకుల గుడి తర్వాత ఇన్నాళ్లకి గాలి చిక్కబడింది.

“ఇప్పుడు మీరు కూడా కలవండి,” అన్నారావిడ.

కలిశాడు. ఈసారి తన చేతిని తనే కాపలా కాశాడు. పదకొండో ఆవర్తంలో వీణ నిదానించిన చోట, తంతి మీద మీటు సన్నగిల్లుతున్న చోట, తన వేళ్లు తనని అడక్కుండా దాని దగ్గరికి పోవడం కళ్లారా చూశాడు. ఇరవై ఏళ్లుగా గుడిలో ఎవరి గొంతు సన్నగిల్లినా ఆ వేళ్లు అలాగే పోయి పట్టుకున్నాయి. పాట పడిపోకుండా చూడ్డం వాటికి తెలిసిన పని. అవి పోగానే పంచమం మీదున్న బసవయ్య, ఇద్దరు ఒకచోట ఉన్నారంటే తప్పు తనదేననుకుని, వాళ్ల వెనకే వెళ్లాడు. ఇద్దరూ తన మీదికి రాగానే రామతులసి కూడా కాయితం వదిలింది. అంతే.

బాలశౌరి వయొలిన్ దించాడు. ఇక మాట్లాడొచ్చన్నారు సుబ్బరత్నంగారు. ఆలోచించుకున్న మాటలు చాలా ఉండేవి అతని దగ్గర. వాటిలో ఒక్కటీ పనికొచ్చేలా లేదు. రామతులసికీ బసవయ్యకీ క్షమాపణ చెప్పాడు. బసవయ్య కంగారుపడి, పరవాలేదండీ, మా ఇంట్లో ఇంతకన్నా ఎక్కువే పడుతుంటానన్నాడు.

అందరూ మజ్జిగ తాగి వెళ్లిపోయాక ఆవిడ అతన్ని ఆగమన్నారు. తెరేసమ్మ కూడా అక్కడే ఉంది.

“మీది పంపుతాను,” అన్నారావిడ. “అందులో అనుమానం లేదు. మూడో భాగం సంగతే మీరు తేల్చుకోవాలి. ఆ చోట వయొలిన్ వీణ వెంట పోయేట్టుగానే తిరగరాయొచ్చు. వినడానికి బాగుంటుంది, ఎవరూ తప్పు పట్టరు. ఇవాళ తలలాడించినవాళ్లు అక్కడే ఆడించారు.”

“అప్పుడు కాలవలు రెండే అవుతాయండి.”

“అవుతాయి. లేదంటే మీ చెయ్యి మార్చుకోవాలి. నాలుగు నెలలుంది.”

భవానీపురం నుంచి గుణదలకి బస్సులో వెళ్తూ తెరేసమ్మ ఉత్తరాల్లో రాయాల్సిన మాటలు ఒక్కొక్కటే పైకి చెబుతోంది. పంపుతానన్న మాట చెవిన పడ్డాక మిగతాదేదీ ఆవిడకి పెద్ద చిక్కుగా తోచలేదు. చెయ్యి మార్చుకోవడానికేముంది, కొత్త మిషను మీద కుట్టడం తను వారంలో నేర్చుకోలేదా అంది. అతనికీ మనసు తేలిగ్గానే ఉంది. రెండేళ్ల రాత తప్పు కాలేదు. తప్పు వేలికొసల్లో ఉంది, అంతే. కిటికీలోంచి కొత్తనీళ్లతో ఎర్రగా పారుతున్న కాలవ కనపడితే, ఎవరో తనకోసం విడిచిపెట్టినట్టు చూస్తూ కూచున్నాడు.

సోమవారం నుంచి ఆఫీసు కాగానే ఇంటికొచ్చి సాధన మొదలుపెట్టాడు. ఒంటరిగా వాయిస్తే చెయ్యి మాట వింటోంది. మంగళవారం రామతులసిని పిలిపించి వీణతో వాయిస్తే వినలేదు. బుధవారమూ వినలేదు. గురువారం సాయంత్రం బసవయ్య కూడా వచ్చాడు. ఆరోజు బాలశౌరి బ్లూ ప్రింటుని కళ్ల ముందు పెట్టుకుని, కాలి బొటనవేలితో అక్షరాలు లెక్కపెడుతూ, చెవుల్ని మూసేసుకున్నంత పని చేసి, పదకొండో ఆవర్తం దాటాడు. పన్నెండు దాటాడు. మెడ నరాలు బిగించి మూడో భాగం చివరిదాకా కాయితం మీదే నడిచాడు.

వీణ తంతి మీద వేలు అలాగే ఉంచి రామతులసి కళ్లు విప్పార్చి చూసింది. బసవయ్య వేణువు ఒళ్లో పెట్టుకుని తొడ చరిచాడు. వంటింట్లోంచి తెరేసమ్మ గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎలా ఉంది?” అని అడిగాడు బాలశౌరి.

“ఎలా ఉందేంటండీ,” అంది రామతులసి. “మీరు విన్లేదా?”

“లేదమ్మా. లెక్కపెట్టుకుంటున్నాను.”

ఎంత బాగుందో బసవయ్య చేతులతో చూపిస్తూ చెప్పాడు. మూడు దారులూ కనపడ్డాయట, పదహారు దగ్గర ఒళ్లు జలదరించిందట. బాలశౌరి శ్రద్ధగా విన్నాడు, తను వెళ్లని ఊరి గురించి ఎవరో చెబుతుంటే విన్నట్టు. ఇంకోసారి వాయించారు. మళ్లీ తప్పలేదు. మళ్లీ ఏమీ వినపడలేదు.

శుక్రవారం ఆఫీసు నుంచి అతను నేరుగా ఇంటికి రాలేదు. అడిగితే గవర్నరుపేటలో పనుందన్నాడు. శనివారం కూడా ఆలస్యంగానే వచ్చాడు. ముఖం ప్రశాంతంగా ఉంది, అన్నం తృప్తిగా తిన్నాడు, కూర బాగుందన్నాడు. ఆదివారం పొద్దున్న గుడిలో ఎప్పటిలాగే వెనక నిలబడి వయొలిన్ వాయించాడు. ఓ ముసలమ్మ మధ్యలో చరణం మర్చిపోతే, వయొలిన్ వెళ్లి ఆవిడని చెయ్యి పట్టుకుని పాటలోకి తీసుకొచ్చింది.

మధ్యాహ్నం రామతులసి వచ్చింది, బసవయ్య వచ్చాడు. మూడు గంటలకి వెంకటకృష్ణారావు సైకిలు దిగి, వెనక కట్టుకొచ్చిన వయొలిన్ పెట్టె విప్పుకుని లోపలికి వచ్చాడు. బాలశౌరి చాప మీద తన చోటు చూపించాడు. ఆ కుర్రాడు కూచుని, బ్లూ ప్రింటు ముందు పెట్టుకుని, వేణువుకి శ్రుతి చూసుకోసాగాడు. అతనికి ఆ పేజీలు కొత్తగా ఉన్నట్టు లేవు.

తెరేసమ్మ చేతిలో మైలవరానికి రాసిన కార్డు ఉంది. ఇంకో రెండు మాటలకి చోటుంది, మీరేమైనా రాస్తారా అని మొగుణ్ణి అడగడానికి వచ్చి, అందరినీ ఒకసారి చూసి, అక్కడే నిలబడిపోయింది.

“ఏంటండీ ఇది?” అంది.

బాలశౌరి వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేశాడు. వచ్చి గుమ్మం పక్కన, ముగ్గురికీ ఎదురుగా, నేల మీద కూచున్నాడు.

“డిసెంబరులో వయొలిన్ వెంకటకృష్ణారావు వాయిస్తాడు,” అన్నాడు. “నేను కింద కూచుని వింటాను.”